మంత్రిగారి భార్య నోటి మాట

"మా ఆవిడ నోరు ప్రభుత్వ పథకం లాంటిది. మొదలవడమే గానీ పూర్తవడం ఉండదు!"

బుగ్గల నిండా సబ్బు నురగతో, అద్దంలోంచే ఆ జోకు విసిరి, భర్త తనే పకపకా నవ్వుకున్నాడు. ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడ్డ ఆమె నవ్వలేదు. ఇంతకీ ఆమె అన్నది ఒకే ఒక్క ముక్క: "ఈ చొక్కాకి మూడో గుండీ ఊడింది, ఇంకోటి ఇస్తాను ఆగండి." మొదలైంది, పూర్తయింది కూడా. కానీ జోకు నాలుక చివర సిద్ధంగా ఉన్నవాడికి సందర్భంతో పనేముంది? పోయిన వారం టీవీలో వచ్చిన దగ్గర్నుంచి ఆ మాటను ఆయన ఆఫీసులో వాడాడు, ఆడపడుచు ఇంట్లో భోజనాల దగ్గర వాడాడు, లిఫ్టులో పై అంతస్తు ఆయనకి కూడా వినిపించాడు. ప్రతిచోటా మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళు కూడా నవ్వారు. నవ్వకపోతే జోకు తన గురించేనని ఒప్పుకున్నట్టవుతుందని ఆమె కూడా ఒకటి రెండుసార్లు పెదవులు సాగదీసింది. అంతవరకూ సరే, మొగుడన్నాక జోకులేస్తాడు. ఒళ్ళు మండే సంగతి వేరే ఉంది. ఆ జోకు రాసింది ఆమే.

ఆమె మొదట రాసింది అలా కాదు. 'గౌరవనీయుల ఇల్లు' అనే కార్టూన్ సీరియల్లో మంత్రిగారు సభ ముగించుకుని ఇంటికొచ్చి సోఫాలో కూలబడితే, ఆయన భార్య కాఫీ కప్పు చేతికిస్తూ "మీ పథకాలకి మొదలే గానీ చివర ఉండదేమండీ?" అని నెమ్మదిగా అడుగుతుంది. అదీ ఆమె రాసింది. చానల్ వాళ్ళు కుదరదన్నారు. తీసేస్తే అక్కడ తొమ్మిది సెకన్ల ఖాళీ వచ్చింది. ఖాళీని దేనితోనో పూడ్చాలి, అందులో నవ్వుండాలి, ఎవరికీ కోపం రాకూడదు. మంత్రి మీద వేస్తే మంత్రికి కోపం, గుత్తేదారు మీద వేస్తే గుత్తేదారుకి కోపం, ఆఖరికి కుక్క మీద వేస్తే కుక్కల్ని పెంచుకునేవాళ్ళ సంఘం పెద్ద ఉత్తరం రాసింది. పెళ్ళాలకి సంఘం లేదు. కాబట్టి ఆ మాటనే తిరగేసి మంత్రిగారి నోట్లో పెట్టి, దెబ్బ భార్యకి తగిలేట్టు రాసిచ్చింది. మరి ఇందులోనూ పథకం అనే మాట ఉందిగా అని ఆమే అడిగింది. "ఇక్కడ తిట్టు పథకానికి కాదుగా, పెళ్ళానికి. ఫరవాలేదు," అన్నారు.

ఈ సంగతంతా భర్తకి ఒకసారి పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "అయితే నీ మీద నువ్వే వేసుకున్నావన్నమాట! భలేదానివే," అని మళ్ళీ నవ్వాడు. హాల్లోంచి అత్తగారు అందుకుని, "ఏదైనా ఆ సీరియలావిడ అచ్చం మన కోడలేరా, ఆ గరిటె పట్టుకోవడం కూడా," అంది. ఆ పూట ఆమె చేతిలో నిజంగానే గరిటె ఉంది. లేకపోతే ఆ ఇంట్లో ముగ్గురికీ అన్నం దానంతటదే ఉడుకుతుందా?

గుండీ ఊడిన చొక్కా పక్కన పెట్టి, ఇంకోటి ఇస్త్రీ చేసి, అత్తగారి మందులు మూతలు తీసి వరసగా పెట్టి, రెండు పొయ్యిలూ ఆర్పి, తను తిన్నదో లేదో గుర్తు లేకుండానే ఆమె బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఆ అరగంటే ఆమెకు రోజు మొత్తంలో ఎవరూ ఏమీ అడగని సమయం. మూడేళ్ళ కిందట ఆ సీరియలు పుట్టింది కూడా ఆ సీట్లోనే. మంత్రుల మీద కార్టూన్లు చాలానే ఉన్నాయి, అన్నిట్లోనూ మంత్రి సభలోనో వేదిక మీదో ఉంటాడు. ఎంత మంత్రయినా ఇంట్లో సాక్సు జత కోసం వెతుక్కోక తప్పదు గదా, ఆ మంత్రిని ఎవరూ చూపించలేదే అనుకుంది. చేతిలో ఉన్న కూరగాయల చీటీ వెనకాలే రాసుకుంది. మంత్రిగారికి ఊరంతా భయపడుతుంది, ఒక్క భార్య తప్ప. ఆవిడ గొంతు పెంచదు, చెయ్యెత్తదు. ఏదో ఒక ఇంటిపని చేసుకుంటూ, తలెత్తకుండా ఒక్క మాటంటుంది. ఆ మాటతో ఆయన అరగంట ఉపన్యాసం కుదేలవుతుంది.

ఆ చీటీని డైరెక్టరు చేతిలో పెట్టింది. నెల తిరక్కుండా సీరియలు మొదలైంది, తెర మీద "సృష్టి" అని ఆయన పేరు పడింది. అదేమిటి సార్ అంటే, "చానల్‌కి ఒక మొహం కావాలమ్మా. పేరుదేముంది, పని నీదని మనందరికీ తెలుసుగా," అన్నాడు. ఆమె పేరు చివర్లో వస్తుంది, "మాటల సహకారం" అని. పక్కనే సబ్బు ప్రకటన మొదలైపోయి ఉంటుంది కాబట్టి అది చదవాలంటే గద్ద కళ్ళుండాలి. ఆఫీసులో అందరూ ఆమెను మాటలమ్మ అంటారు. మీటింగు మొదలవగానే "మాటలమ్మా, కాస్త టీల సంగతి చూడమ్మా," అంటారు. గదిలో పదకొండు మంది ఉంటే టీ కెటిల్ ఎక్కడుందో ఒక్క ఆమెకే తెలుసన్నట్టు.

ఇక గొంతు సంగతి. మంత్రిగారి భార్యకి మొదట్లో ఒక నటి గొంతు ఇచ్చేది. ఆవిడ ఊరు మారి వెళ్ళిపోయింది. "ఇంకొకరు దొరికేదాకా నువ్వే చెప్పెయ్యమ్మా, రాసేది నువ్వేగా," అన్నారు. ఇన్నాళ్ళయినా ఆ ఇంకొకరు దొరకలేదు, బహుశా వెతకలేదు. ఆమె చెప్పిన మాటని యంత్రంలో వేసి కాస్త కీచుగా మారుస్తారు, అందుకే వారం వారం వింటున్నా ఇంట్లో ఒక్కరూ పోల్చుకోలేదు. నోరు కూడా ఆమెదే. బొమ్మలు గీసే ఆవిడ ఆమెను అద్దం ముందు నిలబెట్టి మాటలు చెప్పించి, పెదవులు ఎక్కడ కలుస్తున్నాయో ఎక్కడ విడిపోతున్నాయో చూసుకుంటూ గీస్తుంది. మాట, గొంతు, నోరు మూడూ పెట్టాక వచ్చినదానికి సహకారం అని పేరు పెట్టారు.

పోనీ ఆ పాత్రయినా దక్కిందా అంటే అదీ లేదు. మొదటి ఏడాది మంత్రిగారి భార్య మెత్తగా మాట్లాడేది. రెండో ఏడాదికి చేతిలోకి గరిటె వచ్చింది. మూడో ఏడాది డైరెక్టరు బొమ్మలావిడని పిలిచి "ఇంకాస్త లావు చెయ్యి, నవ్వొస్తుంది," అన్నాడు. మంత్రి మీద కోసేసిన ప్రతి మాటకీ బదులుగా ఒక నగల జోకో, ఒక మేకప్ జోకో, ఒక అరుపో ఆవిడ నెత్తిన పడ్డాయి. ఒక్కొక్కటీ చిన్నదే, ఒక్కొక్కదానికీ ఆ రోజుకి ఒక కారణముంది. అన్నీ రాసింది మాత్రం ఆమె చెయ్యే. చానల్ వాళ్ళని తిట్టుకుని, డైరెక్టరుని తిట్టుకుని, చివరికి తన చేతి వంక చూసుకుంటే ఆ పూట అన్నం సహించేది కాదు.

ఆవేళ ఆఫీసులో కాలు పెట్టీ పెట్టగానే డైరెక్టరు గది తలుపు సగం తెరిచి "మాటలమ్మా, ఒకసారి రా," అన్నాడు. ఆ గొంతులో తియ్యదనం వినగానే ఆమెకు సంగతి అర్థమైపోయింది. ఏదో కోశారన్నమాటే.

"రాత్రి ఏడున్నరకి వచ్చే వంతెన ఎపిసోడు. ఆ ఇస్త్రీ సీను మొత్తం పోవాలి," అన్నాడు.

"అది లేకపోతే ఎపిసోడే లేదు సార్."

"నాకు తెలీదా అమ్మా? కానీ మొన్న మన నిజం మంత్రిగారు, ఆ పెద్దాయన, ఒకే వంతెనకి మూడోసారి రిబ్బను కత్తిరించాడు. మనం రాసినప్పటికి రెండుసార్లే కత్తిరించాడు. ఇప్పుడిది కావాలని అన్నట్టుంటుంది."

"మనం కావాలనే అన్నాం కద సార్."

"నేనూ అదే అంటున్నాను," అన్నాడాయన విసుగ్గా.

ఆ సీనులో మంత్రిగారు అద్దం ముందు ప్రారంభోత్సవ ఉపన్యాసం సాధన చేస్తుంటాడు. భార్య ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ అంటుంది: "ఏమండీ, ఆ రిబ్బను కూడా ఇలా ఇవ్వండి, ఇస్త్రీ చేస్తాను. నాలుగోసారి కత్తిరించాలి కదా. వంతెనదేముంది, మీరు కట్టకపోతే మీ తర్వాతొచ్చే ఆయన కడతాడు. నలిగిన రిబ్బను మాత్రం ఫొటోలో బాగుండదు. అవతలి ఒడ్డు వాళ్ళకి ఎలాగూ కనపడదులెండి, వాళ్ళింకా పడవలోనే ఉన్నారు." ముప్ఫై ఎనిమిది సెకన్లు. ఎన్నాళ్ళకో ఆవిడకి గరిటె లేకుండా, అరుపు లేకుండా దొరికిన సీను. దాన్ని కాపాడుకోవడానికి ఆమె వేరే రెండు సీన్లలో రెండు పెళ్ళాం జోకులు తనంతట తనే రాసిచ్చింది, లంచమిచ్చినట్టు.

"కొత్తగా గియ్యడానికి టైము లేదు. నాలుగింటికల్లా బొమ్మ చానల్‌కి చేరాలి. ఉన్న నోటికే మాటలు మార్చెయ్యి. నగలో సోఫానో ఏదో ఒకటి. నీకిది వెన్నతో పెట్టిన విద్య కదా!" అని, ఆగి, కుర్చీ ముందుకు జరుపుకుని అన్నాడు: "ఇదొక్కటీ గట్టెక్కించు. వచ్చే సీజన్ నుంచి సృష్టి కింద నీ పేరు వేయిస్తా. నా పేరు పక్కన. కావాలంటే ముందు నీదే."

ఆమె ఈ మాట కోసం మూడేళ్ళు చూసింది. గిన్నెలు తోముతూ, బస్సులో నిలబడి, అత్తగారి కాళ్ళకి మందు రాస్తూ, తెర మధ్యలో పెద్ద అక్షరాల్లో తన పేరు పడటం ఎన్నిసార్లు ఊహించుకుందో లెక్క లేదు. ఆశ లేదనుకుంటే అబద్ధం. "సరే సార్," అని బయటికి వచ్చింది.

రికార్డింగు గది బీరువా కంటే కాస్త పెద్దది. బొమ్మలావిడ బొమ్మ నడిపిస్తోంది, ఆమె పలకా పెన్సిలూ పట్టుకుని కూర్చుంది. గీసేసిన నోటికి కొత్త మాట తొడగడం చూసినంత తేలిక కాదు. పెదవులు మూసుకున్నచోట ప, బ, మ లాంటివి పడాలి, నోరు తెరుచుకున్నచోట దీర్ఘం పడాలి, ఇస్త్రీపెట్టె ముందుకు పోయినప్పుడు ఊపిరి తీసుకోవాలి. అరగంటలో రాసేసింది. "ఏమండీ, ఆ పక్కింటావిడ సోఫా మార్చింది, పరదాలు మార్చింది, బీరువా మార్చింది. మొగుణ్ణొక్కణ్ణే మార్చలేదు పాపం..." అలా సాగి చివర్లో ఒక అరుపు. చెప్పి చూసింది. పెదవి పెదవికీ అతికినట్టు సరిపోయింది. ఎక్కడా ఒక్క అరసెకను కూడా తేడా లేదు.

అంత బాగా సరిపోయేసరికి ఆమె పెన్సిలు పక్కన పెట్టి తెర వంక చూసింది. తెర మీద ఆవిడ చొక్కా ఇస్త్రీ చేస్తోంది, కళ్ళు ఓరగా మొగుడి వంక చల్లగా చూస్తున్నాయి, ఆ కళ్ళలో వంతెన ఉంది, పడవ ఉంది. నోట్లోంచి మాత్రం సోఫా వస్తోంది.

"ఎలా ఉంది?" అని అడిగింది.

బొమ్మలావిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "ఎలా ఉంటుంది, నీ పనిలో వంక పెట్టేదేముంది. కానీ తల్లీ, నేను ఆ కళ్ళు గియ్యడానికి వారం పట్టింది. ఈ సోదికోసమైతే అంత బాగా గీసేదాన్ని కాదు," అంది.

ఆమె మళ్ళీ మొదట్నుంచి నడిపించమంది. ఈసారి ఏమీ చెప్పలేదు. గొంతు మీట ఆపి ఊరికే చూసింది. గదిలో చప్పుడు లేదు. తెర మీద ఆవిడ మాట్లాడుతూనే ఉంది, తాపీగా, తలెత్తకుండా, ఇస్త్రీపెట్టె ముందుకీ వెనక్కీ జరుపుతూ. ఒక్క మాటా వినపడటం లేదు. అయినా ఆవిడ ఏదో పెద్ద మాటే అంటోందని చూసేవాడికి తెలుస్తోంది. ఎవరో విననివ్వడం లేదని కూడా తెలుస్తోంది.

"మళ్ళీ వెయ్యి," అంది. మూడోసారి చూశాక పలక తుడిచేసి, మాటల కాగితం ముందుకు లాక్కుని, ఆ ముప్ఫై ఎనిమిది సెకన్లకి ఎదురుగా "మాట వినపడదు" అని రాసింది. సృష్టి అనే మాట కళ్ళ ముందు ఒకసారి కదిలి వెళ్ళింది. వెళ్తే వెళ్ళనీ అనుకుంది, అనుకున్నంత తేలిగ్గా మాత్రం వెళ్ళలేదు, మెట్లు దిగేదాకా వెంటే వచ్చింది.

కింది అంతస్తులో చానల్ తరఫున అభ్యంతరాలు చూసే పెద్దమనిషి ఉంటాడు. మర్యాదస్తుడు. బొమ్మలు చూస్తే తల తిరుగుతుందని ఆయన బొమ్మ చూడడు, మాటల కాగితం మాత్రమే చదివి సంతకం పెడతాడు. ఒకసారి ఆయన సంతకం పడ్డాక డైరెక్టరు ఒక మాట మార్చి చానల్‌ని చిక్కుల్లో పడేశాడు. అప్పట్నుంచీ ఆయన సంతకం పడిన కాగితంలో ఎవరూ చుక్క కూడా మార్చకూడదని రూలు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క పెళ్ళాం జోకుకీ అభ్యంతరం చెప్పలేదు సరికదా, "మా ఇంట్లో జరిగినట్టే ఉందమ్మా," అని మెచ్చుకునేవాడు.

ఆయన కాగితం చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. "మిగతాది ఏదమ్మా?"

"అంతేనండి."

"అంటే ఈవిడ మాట్లాడదా?"

"మాట్లాడుతుందండి. వినపడదు."

ఆయన ఎర్ర పెన్సిలు గడ్డానికి ఆనించుకుని ఇంకోసారి చదివాడు. కాగితం మీద వంతెన లేదు, రిబ్బను లేదు, పథకం లేదు. తప్పు పట్టడానికి ఒక్క మాటయినా ఉండాలి కదా. "వినపడనిదానికి నేనేం అభ్యంతరం చెప్పను?" అని తనలో తను అనుకుని సంతకం పెట్టాడు. "మంచి సోఫా జోకు ఏదైనా వేస్తే బాగుండేదమ్మా, మా వాళ్ళు ఎదురుచూస్తుంటారు," అని కాస్త నిరాశపడ్డాడు కూడా.

బొమ్మ చానల్‌కి వెళ్ళిపోయాక గానీ డైరెక్టరుకి తెలియలేదు. ఆయన ఊడిపడేసరికి ఆమె బల్ల సర్దుకుంటోంది.

"జనం ఏమనుకుంటారు?" అని అరిచాడు.

"ఏం కోసేశారో అనుకుంటారు సార్."

"నా సీరియలు నాశనం చేశావు. సృష్టి గిష్టి మర్చిపో. ఇంక ఏ మొహం పెట్టుకుని నీ పేరు వెయ్యమంటావు?"

"వెయ్యకండి. ఈ వారం మాటల సహకారం కూడా తీసేయండి సార్. అందులో మాటల్లేవు," అంది. ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె సంచీ తగిలించుకుని బస్సుకి పరిగెత్తింది. రేపు ఈ మెట్లెక్కనిస్తారో లేదో తెలియదు. దారి పొడుగునా భయపడింది, భర్తకి ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుంది, ఏదీ బాగాలేదు.

ఏడున్నరకి ఇంట్లో యథాప్రకారం ముగ్గురూ టీవీ ముందున్నారు. భర్త కాళ్ళు బల్ల మీద పెట్టుకుని, నవ్వడానికి నోరు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. అత్తగారు పడక్కుర్చీలో. ఆమె వంటగది గుమ్మంలో, చేతులు తడిగానే ఉన్నాయి. మంత్రిగారు అద్దం ముందు నిలబడ్డాడు, ఉపన్యాసం దంచాడు, భర్త నవ్వాడు. తర్వాత మంత్రిగారి భార్య నోరు తెరిచింది.

"ఇదేంటి, సౌండు పోయింది?" భర్త రిమోటు తీసి గొంతు పెంచాడు. ఇంకా పెంచాడు. ఆఖరి గీత దాకా పెంచాడు. హాలంతా నిశ్శబ్దం. పక్క వాటాలో కూడా ఎవరో టీవీని అరచేత్తో బాదుతున్న చప్పుడు గోడలోంచి వినపడింది. ఆవిడ మాట్లాడుతూనే ఉంది.

"ఆ మిషను పాడైంది," అంటూ భర్త లేవబోయాడు.

"కూర్చోరా," అంది అత్తగారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "మిషను బాగానే ఉంది. ఆవిడేదో చెప్పుకుంటోంది పాపం, ఎవరో దాని గొంతు నొక్కేశారు."

ఎవరూ నవ్వలేదు. ఆ హాల్లో ఆ సీరియలు వస్తుండగా నవ్వు లేకపోవడం మూడేళ్ళలో అదే మొదటిసారి. ముప్ఫై ఎనిమిది సెకన్లు ఇంత పొడుగుంటాయని రాసిన మనిషికే తెలియదు. ఆవిడ ఆఖరి మాట అనేసి, ఇస్త్రీపెట్టె నిలబెట్టి, మొగుడి వంక చూసి వెళ్ళిపోయింది. ప్రకటనలు హోరుమని మొదలయ్యాయి. భర్త ఉలిక్కిపడి గొంతు తగ్గించి, మెల్లగా వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు. ఆయన మొహంలో నవ్వు లేదు, వెటకారం లేదు, ఏదో తెలియని బెదురుంది.

"ఇంతకీ ఆవిడ ఏమంటోంది? రాసేది నువ్వేగా, నీకు తెలిసుండాలి," అన్నాడు.

పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఆయన ఇంతవరకూ ఒక ఆడది ఏమంటోందని అడగడం ఆమె ఎరగదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుని, హాల్లోకి వచ్చి, ఆ ఇంట్లో ఎప్పుడూ తను కూర్చోని కుర్చీ లాక్కుని వాళ్ళకి ఎదురుగా కూర్చుంది.

"చెబుతాను. చాలా ఉంది, మధ్యలో నవ్వడం కుదరదు. ముందు ఆ టీవీ కట్టెయ్యండి."